రెండో తాళం

మార్చి 14, శుక్రవారం

ఆ రోజు మంగళవారం. ఫిబ్రవరి 25. వరసగా రాసుకుంటే మనసు కుదురుకుంటుందని రాస్తున్నాను. ముప్పై ఏళ్ళుగా ఎదుటివాళ్ళ చేత ఇదే పని చేయిస్తున్నాను. ఏం జరిగింది, ఏది ముందు, ఏది వెనక, అంతవరకే రాయండి అంటాను. ఏమనిపించిందో తర్వాత.

ఐదుకి లేచాను. మొహం కడుక్కుని కిటికీ పక్క కుర్చీలో ఇరవై నిమిషాలు ప్రార్థన చేసుకున్నాను. ఆ రోజు బాగా నిలిచింది. గుర్తుంది. వంటింట్లో మరదలు టీ వడకడుతోంది. తమ్ముడు పేపరు బల్లంతా పరిచి, వేరే ప్రెస్సు వాళ్ళు అచ్చేసిన ప్రకటనలో తప్పులు వెతుకుతున్నాడు. ఒక్కటి దొరికితే చాలు, తన ప్రెస్సుకి ఆ రోజంతా తిరుగులేదనుకుంటాడు.

అమ్మ మంచం మీంచే అడిగింది. "పెద్దదానా, మీ నాన్న గడియారం ఇవాళైనా పట్టుకెళ్తావా?"

"పట్టుకెళ్తానమ్మా."

ఆయన పోయినప్పట్నుంచీ అది ఆగిపోయే ఉంది. రెండేళ్ళుగా అమ్మ రోజూ అడుగుతుంది. నేను రోజూ అదే జవాబు చెప్తాను.

తర్వాత మా పిడుగు వచ్చింది. తమ్ముడి ఒక్కగానొక్క కూతురు. పుట్టిన రోజున ఆసుపత్రి అంతా లేచేలా ఏడిచిందని అమ్మ పెట్టిన పేరు. పోలీసు యూనిఫాం వేసుకుంది, జడ సగమే అయింది. నా కుర్చీ ముందు నిలబడి, "అత్తా, నంబరు వంకరగా ఉందా చూడు" అంది. ఉంది. సరిచేశాను. టీ సగం తాగి వదిలేసింది. "అత్తా, నిన్న మధ్యాహ్నం..." అని ఏదో మొదలుపెట్టింది. ఇంతలో గడియారం మర్చిపోకంటూ అమ్మ మళ్ళీ కేకేసింది. పిడుగు వెళ్ళిపోయింది.

తొమ్మిదికి ఆఫీసు. లిఫ్టు పని చెయ్యట్లేదు, మూడంతస్తులూ ఎక్కాను. డిప్యూటీ సెలవు. రికార్డుల ఆవిడ పదకొండు ఫైళ్ళు ట్రేలో పెట్టి, "మేడం, ఇవన్నీ పదకొండింటి లోపు మూసెయ్యాలి, మీటింగుంది" అంది.

ఊళ్ళో ఏ పోలీసు ఎవరి మీద చెయ్యి వేసినా, బేడీ వేసినా, లాఠీ ఎత్తినా, ఇరవై నాలుగ్గంటల్లో నివేదిక, యూనిఫాం మీది కెమెరా వీడియో నా బల్ల మీదికి రావాలి. పేరు ఉండదు, బ్యాడ్జి నంబరే ఉంటుంది. చూసేవాళ్ళు ముఖం చూడకుండా పని చూడాలని నేనే పెట్టిన పద్ధతి. చివర మూడు గళ్ళు ఉంటాయి. నివేదిక చదివాను. వీడియో పూర్తిగా చూశాను. నిబంధనల ప్రకారమే ఉంది. మూడింటికీ టిక్కు పడితేనే ఫైలు మూతపడుతుంది.

ఏడో ఫైలు. బస్టాండు గేటు. దారికి అడ్డుగా ఉన్న గడియారాల డబ్బా కొట్టు తియ్యమంటే తియ్యలేదు, చెయ్యి బిగించి ఆదేశం పాటించలేదు, బేడీలు వేశారు, రెండో తాళం సరిచూశారు. చదివాను. చూశాను. సంతకం చేశాను.

నంబరు గమనించలేదు. రోజుకి పదిహేను నంబర్లు చూస్తాను.

ఇవాళ ఆ గడియారాల మెకానిక్కు దగ్గర్నుంచి ఫిర్యాదు వచ్చింది. ఎడంచేత్తో రాసినట్టుంది, అక్షరాలు పడిపోతున్నాయి. కుడిచేతి బొటనవేలికీ పక్కనున్న వేలికీ స్పర్శ లేదట. బేడీలు బిగుసుకుపోతున్నాయని చెప్పినా వినలేదట.

బేడీకి ఒక తాళం వేస్తే అది ఊడదు. కానీ ఇంకా బిగుసుకుంటుంది. మనిషి కదిలినా, బండి కుదిపినా బేడీ పళ్ళలో ఒక్కోటి టక్కుమని లోపలికి పోతుంది. రెండో తాళం వేస్తే ఉన్నచోట ఆగుతుంది. తాళంచెవి కొసతో పక్కనున్న చిన్న కన్నంలో ఒక్కసారి నొక్కాలి. అంతే పని.

ఫైలు మూసిన కేసు వీడియో ముప్పై రోజుల్లో దానంతటదే చెరిగిపోతుంది. మార్చి 26. ఇంకా పన్నెండు రోజులు ఉన్నాయి.

మార్చి 15

ప్రార్థనకి కూర్చున్నాను. నిలవలేదు.

మార్చి 16, ఆదివారం

పిడుగు ఇవాళ ఇంట్లోనే ఉంది. బాల్కనీలో నేను బట్టలు ఆరేస్తుంటే పక్కకొచ్చి క్లిప్పులు అందించింది. అడక్కుండా సాయం చేసిందంటే ఏదో ఉందని చిన్నప్పట్నుంచీ తెలుసు.

"అత్తా, బస్టాండు కేసు మీద ఫిర్యాదు వచ్చిందట. స్టేషన్లో అంటున్నారు."

"ఆఫీసు సంగతులు ఇంట్లో వద్దు."

"సరేలే. ఒక్కటే. నువ్వు చూశావుగా అది?"

క్లిప్పు తీసుకున్నాను.

"ఆ రోజు సాయంత్రం దాకా నాకు కాళ్ళూ చేతులూ ఆడలేదు తెలుసా" అంది. "ఫైలు మూసేశారని మెసేజ్ వచ్చాక గానీ అన్నం సయించలేదు. అత్త చూసి సరే అందంటే సరేలే అనుకున్నాను. నీ కంటి నుంచి ఏం తప్పించుకుంటుంది?"

"దుప్పటి ఆ చివర పట్టుకో" అన్నాను.

పట్టుకుంది. పిండాం. ఇద్దరం బలంగానే పిండాం.

లోపల్నుంచి తమ్ముడు, "అత్తా కోడళ్ళు దుప్పటి పిండుతున్నారా, దొంగని పట్టుకున్నారా? ఆ పట్టేంటి?" అన్నాడు. పిడుగు నవ్వింది.

ఈ నెలాఖరుకి దాని ప్రొబేషన్ అయిపోతుంది. ఉద్యోగం ఖాయమైతే వాళ్ళమ్మ ఊపిరి పీల్చుకుంటుంది. పోలీసులో చేరతానన్నప్పుడు ఇంట్లో అందరూ వద్దన్నారు. నేనొక్కదాన్నే సరేనన్నాను.

మార్చి 17, సోమవారం

ఫిర్యాదుకి జవాబు టైపు చేసి రికార్డుల ఆవిడ ట్రేలో అన్నిటికన్నా పైన పెట్టింది. "మీ ఫిర్యాదు పరిశీలించాము. సంబంధిత వీడియో పూర్తిగా చూడడమైనది. సిబ్బంది నిబంధనల ప్రకారమే వ్యవహరించినట్లు తేలింది." కింద నా సంతకానికి ఖాళీ. నేను అట్టడుక్కి తోశాను. మధ్యాహ్నానికి మళ్ళీ పైకొచ్చింది.

నాలుగింటికి డిప్యూటీ తలుపు దగ్గరికి వేసి కూర్చున్నాడు. మాట తీరైన మనిషి. ఎవరి మీదా గొంతు లేపడు.

"మేడం, బస్టాండు వీడియో. మొత్తం నలభై ఏడు నిమిషాలు."

"ఊఁ."

"మీ లాగిన్లో రెండు నిమిషాల పది సెకన్లు చూపిస్తోంది."

ఆయన గోడకున్న క్యాలెండరు చూస్తూ మాట్లాడాడు.

"ఆ వారం సర్వరు సరిగ్గా పని చెయ్యలేదు. రెండు మూడు కేసుల్లో లెక్క తప్పుగా పడింది. ఇది కూడా అలాంటిదేనని నేను ఒక నోటు రాసేస్తాను. అడిగేవాళ్ళు లేరు. మీ రిటైర్మెంటుకి ఇంక పద్నాలుగు నెలలేగా ఉంది."

"సర్వరు చెడింది ఏ రోజు?"

"గురువారం."

మంగళవారం కాదు. ఇద్దరికీ తెలుసు.

"రేపు చెప్తాను" అన్నాను.

ఇంకా తొమ్మిది రోజులు.

మార్చి 18

రేపు చెప్తానన్నాను. చెప్పలేదు. ఆయనా అడగలేదు.

రెండు నిమిషాలు చూశాను, నిజమే. మిగతాది అవసరం లేదనిపించింది. నివేదిక స్పష్టంగా ఉంది. ఆ రోజు పదకొండు ఫైళ్ళున్నాయి. డిప్యూటీ లేడు. మీటింగుంది.

నివేదిక స్పష్టంగా ఉంటుంది, ఉండక ఏం చేస్తుంది. ఆ వాక్యం నాది. తొమ్మిదేళ్ళ క్రితం శిక్షణలో కుర్రాళ్ళకి రాయడం రావట్లేదని నమూనా ఒకటి రాసిచ్చాను. "చెయ్యి బిగించి ఆదేశం పాటించనందున, అవసరమైన మేరకే బలం ఉపయోగించి బేడీలు వేసి, రెండో తాళం సరిచూశాను." జరిగింది ఎలా రాయాలో తెలుస్తుందని ఇచ్చాను. ప్రతి స్టేషన్లోనూ గోడకి అంటించుకున్నారు. ఇవాళ ఈ నెల ఫైళ్ళలో ఒక కట్ట తిరగేశాను. ముప్పై ఒక్క నివేదికల్లో ఇరవై ఆరింట్లో అదే వాక్యం. కామాతో సహా. ఇరవై ఆరు మంది చేతులు ఒకే రకంగా బిగించరు.

చదువుతున్నప్పుడు నా రాత నాకే నచ్చి, బాగుందనుకుని టిక్కు పెడుతున్నాను. ఎన్నేళ్ళుగానో.

మార్చి 19, బుధవారం

పొద్దున అమ్మ అడిగింది. "పట్టుకెళ్తావా?"

"ఏదమ్మా, ఇటివ్వు" అన్నాను.

అమ్మ ఒక్క క్షణం నమ్మలేదు. దిండు కింద నుంచి రుమాలు మూట తీసిచ్చింది. అక్కడ పెట్టుకుంటుందని నాకు ఇన్నాళ్ళూ తెలియదు.

ఫిర్యాదు చేసిన మనిషి దగ్గరికి నేను వెళ్ళకూడదు. తెలుసు. చీరలో వెళ్ళాను, జీపు లేకుండా. గడియారం బాగు చేయించుకోడానికే వెళ్ళానని దారంతా అనుకున్నాను.

బస్టాండు గేటు పక్క కొట్టు అలాగే ఉంది. నిలువుగా నిలబెట్టిన అలమారంత. గాజు కింద పట్టీలు, బ్యాటరీలు, గోడకి ఆరు గోడగడియారాలు. ఆరింట్లోనూ ఒకటే టైము. ఆయనకి నా వయసే ఉంటుంది. నుదుటి మీదికి నెట్టుకున్న భూతద్దం. పక్కన టీ బండి ఆయనకీ ఈయనకీ వాదన నడుస్తోంది.

"నీ గడియారాలన్నీ సరిగ్గానే ఉన్నాయి గానీ, నువ్వెప్పుడైనా టైముకి కొట్టు తెరిచావా?"

"నీ టీ తాగి లేచేసరికి పొద్దెక్కుతుందయ్యా. ఉత్త నీళ్ళు మరగడానికి అంత టైమేంటో మరి, పాలే పొయ్యవుగా."

నన్ను చూసి ఇద్దరూ ఆపారు. మూట విప్పి ఇచ్చాను. ఎడంచేత్తో అందుకున్నాడు. చెవి దగ్గర పెట్టుకుని, వెనక్కి తిప్పి, అద్దం దించుకుని చూశాడు.

"మంచి గడియారమమ్మా. ఎవరిది?"

"మా నాన్నగారిది."

"ఏం విరగలేదు. లోపల శుభ్రం చేసి నూనె చుక్క వేస్తే నడుస్తుంది." అని మళ్ళీ రుమాల్లో పెట్టేశాడు. "నేను చెయ్యలేను. ఏమనుకోవద్దు. బెల్టంటే మారుస్తాను, బ్యాటరీ అంటే వేస్తాను. లోపలికి వెళ్ళలేను."

"ఏం?"

కుడిచెయ్యి గాజు మీద పెట్టాడు. ఒక మరమేకు తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి చూపించాడు. ఉందనుకుని వేళ్ళు అలాగే పట్టుకుని ఉన్నాడు. మేకు అప్పటికే గాజు మీద పడి దొర్లుతోంది.

"చూశారా. పడినట్టు నాకు తెలీదు. చప్పుడు వింటేనే తెలుస్తుంది."

"ఆ అమ్మాయి పోలీసు బేడీలేసింది లెండి" అన్నాడు టీ ఆయన. "ఈయన పెద్ద వీరుడు, గుప్పిట తెరవనన్నాడు."

"ఎలా తెరుస్తానయ్యా? గుప్పిట్లో ఒకళ్ళ గడియారం పేగులన్నీ ఉన్నాయి. చెయ్యి తెరిస్తే రోడ్డు పాలు. ఒక్క నిమిషం ఆగమ్మా, డబ్బాలో వేస్తానన్నాను. వాళ్ళ తొందర వాళ్ళది." నా వైపు తిరిగాడు. "ఆ పిల్ల తిట్టలేదమ్మా. ఉన్నమాట చెప్పాలి. మర్యాదగానే వేసింది. బండెక్కాక గట్టిగా ఉందమ్మా అన్నాను. రెండు నిమిషాలు అంది. మళ్ళీ అన్నాను. రెండు నిమిషాలు అంది."

"ఆ గడియారం ఏమైంది?"

"ఏది, గుప్పిట్లో ఉన్నదా? బండిలోనే ఎక్కడో పడింది. పాపం, దానిగలాయనకి పదవీ విరమణప్పుడు ఇచ్చిందట. వస్తే మొహం చూపించలేకపోతున్నాను."

ఎంతివ్వాలి అన్నాను. చూసినందుకు ఏమీ తీసుకోడట.

ఇంటికొచ్చాక అమ్మ, "ఏమన్నాడు?" అంది.

"కొన్నాళ్ళాగమన్నాడు."

అబద్ధం కాదు. నిజమూ కాదు.

మార్చి 20

ఇంకా ఆరు రోజులు. ఆ జవాబు మళ్ళీ ట్రేలో పైనే ఉంది.

మార్చి 21, శుక్రవారం

మొత్తం చూశాను.

ముందు ఇది రాయాలి. ఫిబ్రవరి 25న రెండు నిమిషాల పది సెకన్ల దగ్గర ఎందుకు ఆపానో. "చెయ్యి తెరవండి సార్, తెరవండి" అన్న గొంతు వినబడింది. అది నేను పెంచిన గొంతు. నంబరు గమనించలేదని పైన రాశాను. గమనించాను. ఆ పొద్దున నా చేత్తో సరిచేసిన నంబరు అది. ఫైలు తెరిచినప్పుడే తెలుసు. తెలిసే వీడియో మొదలుపెట్టాను, కాదేమో అన్నట్టు.

బంధువుల కేసు వస్తే ఫైలు పక్కన పెట్టి, కారణం రాసి డిప్యూటీకి పంపాలి. అది కూడా నేను పెట్టిన నియమమే. అందుకే ఆపాను, చూడకూడదు కాబట్టి ఆపాను, అని నాకు నేను చెప్పుకున్నాను. ఆపడం వరకు సరే. టిక్కెందుకు పెట్టాను?

డిప్యూటీ అయితే మొత్తం చూస్తాడు. అందుకు.

ఇవాళ తలుపేసుకుని చూశాను. ఆయన గుప్పిట పైకెత్తి, "ఒక్క నిమిషమమ్మా" అంటున్నాడు. పిడుగు చెయ్యి వెనక్కి తిప్పింది. విసురు లేదు. కోపం లేదు. శిక్షణలో చెప్పినట్టే ఉంది. బేడీ పడ్డ చప్పుడు. తాళంచెవి బయటికి తియ్యనే లేదు. బండి ఎక్కించారు. డ్రైవరు అడిగాడు, "రిపోర్టు రాయాలిగా?" "మూడు లైన్లేగా" అంది మా పిడుగు. "అచ్చు గోడ మీదుంది."

తర్వాత ముప్పై ఎనిమిది నిమిషాలు రోడ్డు. దారంతా తవ్వి ఉంది. గుంటకొకసారి టక్కుమంటుంది. ఆయన గట్టిగా ఉందమ్మా అన్నది తొమ్మిదిసార్లు. రెండు నిమిషాలు అన్నది మూడుసార్లు. తర్వాత అదీ అనలేదు. చివరి పది నిమిషాలు ఆయనా అనలేదు.

ఆయన్ని దింపేటప్పుడు బండి నేల మీద చిన్న చక్రం ఒకటి మెరిసింది. ఎవరూ చూడలేదు. నేను ఆపి చూశాను.

వీడియో చెరిగిపోకుండా ఆపాలంటే ఒక ఫారం ఉంది. కారణం రాయాలి. అది నేరుగా కమిషనరు గారి దగ్గరికి వెళ్తుంది. ఫారం తెరిచాను. కారణం దగ్గర కర్సరు కొట్టుకుంటూ ఉంది. మూసేశాను.

దేవుణ్ణి ఏమీ అడగలేదు ఇవాళ. ఏం అడగాలో తెలుసు కాబట్టే అడగలేదు.

మార్చి 22, శనివారం

పిడుగు బూట్లు పాలిష్ చేసుకుంటుంటే పక్కన కూర్చున్నాను.

"రెండో తాళం వేశావా?"

ఏ కేసని అడగలేదు. బ్రష్షు ఆగింది.

"హడావుడిలో మర్చిపోయాను అత్తా. బండెక్కాక గుర్తొచ్చింది. దిగి వెనక్కెళ్తే డ్రైవరు నవ్వుతాడనిపించింది. స్టేషన్ దగ్గరే కదా, రోడ్డు తవ్వి ఉండి అంతసేపు పడుతుందనుకోలేదు."

"రిపోర్టులో వేశానని రాశావు."

"గోడ మీద అలాగే ఉంది."

బ్రష్షు మళ్ళీ బూటు మీద ఆడించింది. తర్వాత చెప్పింది. "నువ్వు చూసి పాస్ చేశావుగా. అంటే అంత ముఖ్యం కాదేమో, పుస్తకంలో రాసుకోడానికేనేమో అనుకున్నాను. ఆ తర్వాత ఇంకో ఇద్దరికి వేశాను. వాళ్ళకీ నొక్కలేదు."

"ఎవరు వాళ్ళు?"

"పేర్లు రాసున్నాయి. ఏం కాలేదులే వాళ్ళకి. అనుకుంటా."

దాన్ని కాపాడుతున్నాననుకున్నాను. అది ఇంకొక్కరోజు భయపడి ఉంటే ఆ ఇద్దరికీ తాళం పడేది.

"నేను చూడలేదే" అన్నాను.

"ఏంటత్తా?"

"వీడియో. నీ గొంతు విని ఆపేశాను. చూడకుండానే టిక్కు పెట్టాను."

తిడుతుందనుకున్నాను. బూటు పక్కన పెట్టి, నల్లచేతుల్తోనే నా చెయ్యి పట్టుకుంది. తర్వాత వదిలేసి లోపలికెళ్ళి తలుపేసుకుంది.

మార్చి 23, ఆదివారం

చెల్లెల్ని సాయంత్రం రమ్మన్నాను. రెండు వీధుల అవతలే ఉంటుంది, ఆసుపత్రిలో నర్సు. పిడుగు డ్యూటీ నుంచి యూనిఫాంతోనే వచ్చింది. భోజనాల బల్ల చుట్టూ అందరం కూర్చున్నాం. అమ్మని కూడా కుర్చీలో కూర్చోబెట్టాం.

జరిగింది వరసగా చెప్పాను. నాలుగైదు వాక్యాలు పట్టింది. పిడుగు తలెత్తలేదు.

ముందు మరదలే మాట్లాడింది. "వదినా, పద్నాలుగు నెలలు కళ్ళు మూసుకుంటే అయిపోతాయి. దీనికి ఎనిమిది రోజులు. ఎవరూ అడగనిదాన్ని మనమే ఎందుకు నెత్తికెత్తుకోవడం?"

"ఆ డిప్యూటీ గారు రాసేస్తానన్నాడుగా" అన్నాడు తమ్ముడు. "అక్కా, ఆయన మంచివాడు. మంచివాళ్ళ మాట వినాలి."

"ఆయన మంచివాడే. అబద్ధం ఆయన చేత రాయించమంటావా?"

"నువ్వు ఇలా అడిగితే నేనేం చెప్తాను? చిన్నప్పట్నుంచీ ఇంతే, ప్రశ్న వేసి నోరు మూయిస్తావు."

చెల్లెలు, "వేళ్ళు మొద్దుబారి ఎన్నాళ్ళయింది?" అంది.

"రేపటికి నాలుగు వారాలు."

"నరం నలిగితే స్పర్శ తిరిగి వస్తుందక్కా, మెల్లగా. నెలకి ఒక అంగుళం లెక్కన. మణికట్టు నుంచి వేలికొసకి చూసుకో. ఆరేడు నెలలు. కొందరికి మొత్తం రాదు. ఇప్పటికైనా డాక్టరుకి చూపించాలి. చూపించాడా?"

ఎవరూ అడగలేదు ఆయన్ని. నేనూ అడగలేదు.

అమ్మ అంతసేపూ వింటోంది. "ఆ బేడీలేవో ఒకసారి చూపించు" అంది పిడుగుతో.

పిడుగు నడుము దగ్గర నుంచి తీసి బల్ల మీద పెట్టింది. అమ్మ బరువు చూసింది. "నా చేతికి వెయ్యి."

"నానమ్మా, ఊరుకో."

"నాకు అర్థం కావద్దూ? మీరంతా తాళం తాళం అంటున్నారు."

నేను కుడిచెయ్యి చాపాను. పిడుగు నా మొహం చూసింది, వేసింది. ఒక్క తాళమే. వదులుగానే ఉంది, వేలు దూరేంత. రెండోదానికి తాళంచెవి కోసం జేబు తడమబోతే వద్దన్నాను.

మాటలు మళ్ళీ మొదలయ్యాయి. తమ్ముడు ఎవరో తెలిసినాయన ఉన్నాడంటున్నాడు. మరదలు కళ్ళు తుడుచుకుంటోంది. నేను మోచెయ్యి బల్ల మీద ఆనించాను, టక్కుమంది. మరదలికి మంచినీళ్ళ గ్లాసు జరిపాను, టక్కుమంది. ఏమీ చెయ్యకుండా కూర్చుందామనుకున్నాను. ఊపిరి తీసుకుంటేనే చెయ్యి కదులుతుందని అప్పుడు తెలిసింది. ఐదో చప్పుడుకి ఎముక దగ్గర చర్మం మడత పడింది. చెల్లెలు మాట ఆపి నా చేతినే చూస్తోంది.

"గట్టిగా ఉందే" అన్నాను.

పిడుగు లేచింది. జేబులు తడుముకుంది. "తాళంచెవి పై గదిలో బ్యాగులో ఉందత్తా. రెండు నిమిషాలు..."

మెట్ల మీద కాలు పెట్టి ఆగిపోయింది. వెనక్కి తిరగలేదు. రెండో మెట్టు మీద అలాగే కూర్చుండిపోయింది. ఇరవై ఆరేళ్ళ పిల్ల, చిన్నప్పటిలాగే ఏడ్చింది, ఆసుపత్రి లేచేలా.

తాళంచెవి తెచ్చింది వాళ్ళమ్మ. తీసింది కూడా వాళ్ళమ్మే. ఎలా తియ్యాలో నేను చెప్పాను. నా చేతి మీద ఎర్రటి గాడి చూసి మరదలు దాన్ని బొటనవేలితో రుద్దుతూ, "పదినిమిషాలు కూడా కాలేదు కదా వదినా" అంది. ఆ తర్వాత పద్నాలుగు నెలల మాట ఎత్తలేదు.

అప్పుడు తేల్చుకున్నవి ఇవి.

రేపు తొమ్మిదింటికి వీడియో ఆపే ఫారం నేను పంపాలి. కారణం దగ్గర రాయాల్సింది ఇక్కడే అందరి ముందూ చదివాను: ఇది నా మేనకోడలి కేసు, తెలిసి కూడా డిప్యూటీకి పంపలేదు, చూడకుండా చూశానని సంతకం చేశాను. తమ్ముడు అలవాటు కొద్దీ తప్పులున్నాయేమో చూశాడు. లేవన్నాడు.

పిడుగు కొత్త నివేదిక రాయాలి. గోడ మీది వాక్యం వాడకూడదు, ఏం జరిగితే అది రాయాలి. మిగతా ఇద్దరి సంగతి కూడా. నాది ముందు పడాలా, దానిది ముందు పడాలా అని కొంత వాదన జరిగింది. దానిది ముందైతే దానికి మంచిదని తమ్ముడు, అత్త చెప్తే రాసిందనుకుంటారని చెల్లెలు. అమ్మ తేల్చింది. ఈ ఇంట్లో ఏదైనా పెద్దదానితోనే మొదలు, స్నానమైనా, బడైనా, దెబ్బలైనా. నాది తొమ్మిదింటికి. దానిది పదింటికి.

నేను ఒక బస్సులో, అది ఒక బస్సులో వెళ్ళాలి. తమ్ముడు ఎవరికీ ఫోను చెయ్యకూడదు. చెయ్యనని మరదలి ముందు ఒప్పుకున్నాడు.

ఉద్యోగం ఉంటే ఉంది, పోతే పిడుగు ఇంటికొస్తుంది, అప్పుడు ఎవరూ ఒక్క మాట కూడా అనకూడదు. ఈ మాట మరదలే అంది. నా ఉద్యోగం గురించి ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అడగలేదు.

కాగితాలు రెండూ వెళ్ళాక, అనుమతి వస్తే, మెకానిక్కు గారిని చెల్లెలు తన ఆసుపత్రిలో నరాల డాక్టరు దగ్గరికి తీసుకెళ్తుంది. బండి నేల మీద పడ్డ చక్రం కోసం పిడుగు వెతుకుతుంది.

నాన్న గడియారం గురించి కూడా తేలింది. ఊళ్ళో ఇంకో మెకానిక్కు ఉన్నాడని తమ్ముడన్నాడు. వద్దంది అమ్మ. ఆ వేలికి తెలివి వచ్చాక ఆయనే తెరవాలి, రాకపోతే అలాగే ఉండనీ అంది. రుమాలు మూట మళ్ళీ దిండు కింద పెట్టుకుంది.

రేపట్నుంచి పొద్దున్నే నన్ను అడగనని కూడా చెప్పింది.